పెరటి మట్టి, నికర బరువు తొంభై టన్నులు

పెరట్లో మునగచెట్టు నాటినవాళ్ళు గొంగళిపురుగుల్ని కూడా నాటుకున్నట్టే. కాయలు కావాలంటే పురుగుల్ని భరించాలి. పురుగులు వద్దనుకుంటే చెట్టు కొట్టించుకోవాలి. కోటిపేట కాలవగట్టు వీధిలో చాలామంది రెండో దారే పట్టారు. మాణిక్యాంబ మాత్రం మూడో దారి కనిపెట్టింది. చెట్టు మొదలుకి మోకాలెత్తున, జానెడు వెడల్పున, చుట్టూ జిడ్డు పూస్తే పురుగు దాన్ని దాటి పైకి పాకలేదు.

మొదట ఆముదం పూసింది. రెండ్రోజులకే ఎండిపోయింది. తరవాత కాళ్ళ పగుళ్ళకని కొన్న చంద్రవదన క్రీము పూసి చూసింది. డబ్బా మీద చందమామలాంటి అమ్మాయి బొమ్మ, కింద ‘ముఖానికి, పెదవులకు, మడమలకు ధారాళంగా వాడండి’ అనే సలహా ఉన్నాయి. ఆ క్రీము మాణిక్యాంబ మడమల్ని ఏమీ చెయ్యలేకపోయింది గానీ గొంగళిపురుగుల పాలిట యముడైంది. అప్పట్నుంచీ ఏడేళ్ళుగా ప్రతి ఆదివారం తలంటి పోసుకున్నాక ఆవిడ చెట్టుకి క్రీము రాస్తోంది. ఎండకి అది కరిగేది, వానకి జారేది, చెట్టు మొదట్లోని మట్టిలోకి ఇంకిపోయేది. పోతే పోయింది, మళ్ళీ ఆదివారం రాదా!

ఆ చెట్టు పుట్టింటి నుంచి కొమ్మగా వచ్చింది. పెళ్ళయిన ఏడాది మాణిక్యాంబ తడిగుడ్డలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుంది. తరవాత పుట్టిల్లు, పెరడు, నుయ్యి అన్నీ నాలుగు వరుసల రోడ్డు కిందకి పోయాయి. అక్కడివాటిలో మిగిలింది ఈ చెట్టొక్కటే. భర్త నూకరాజు కరెంటు డిపార్టుమెంటులో లైన్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. తీగలకి తగులుతున్నాయని ముప్పయ్యేళ్ళపాటు ఊరందరి చెట్లూ నరికించినవాడు, ఈ చెట్టు రెమ్మ తుంచాలన్నా పెళ్ళాం మొహం చూసేవాడు.

ఇలా ఉండగా మే నెలలో నేల పరిశుద్ధి పక్షోత్సవాలు వచ్చాయి. సహాయ నేల అధికారి గోవర్ధనరావు పదిహేను రోజుల్లో ఊళ్ళో వంద చోట్ల మట్టి తీసి పరీక్షకి పంపాలి. తొంభై తొమ్మిది తీసేసరికి ఆయన మాడు పేలిపోయింది. వందోదాని కోసం నీడ వెతుక్కుంటూ మాణిక్యాంబ పెరట్లోకి వచ్చాడు. మునగచెట్టు కింద కుర్చీ వేయించుకుని, రెండు గ్లాసుల మజ్జిగ తాగి, "చెట్టు బంగారంలా ఉందమ్మా" అని మెచ్చుకుని, కూర్చున్నచోటే వంగి గరిటెడు మట్టి తీసుకుని వెళ్ళాడు.

పన్నెండో రోజున ఆయనే మళ్ళీ వచ్చాడు. ఈసారి ముక్కుకి గుడ్డ, చేతులకి రబ్బరు తొడుగులు, మోకాళ్ళ దాకా బూట్లు. వస్తూనే పెరటి చుట్టూ పసుపుపచ్చ టేపు కట్టించి, "అమ్మా, టేపు దాటి లోపలికి రాకూడదు!" అని కేకేశాడు.

మాణిక్యాంబ టేపుకి లోపలే ఉంది. పొద్దుటి నుంచీ అక్కడే బట్టలారేస్తోంది.

"నేను లోపలే ఉన్నానండీ. బయటికి వచ్చెయ్యనా?"

గోవర్ధనరావు చేతిలో పుస్తకం తిరగేశాడు. లోపలికి వెళ్ళకూడదని ఉంది గానీ ముందే లోపల ఉన్నవాళ్ళ సంగతి అందులో లేదు. "ప్రస్తుతానికి ఎక్కడున్నారో అక్కడే ఉండండి" అని, నోటీసు చదవడం మొదలుపెట్టాడు.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, సదరు పెరటి మట్టి యందు పెట్రోలియం సంబంధిత పదార్థములు పది లక్షల పాళ్ళకు ఆరు వందల పన్నెండు పాళ్ళు ఉన్నట్లు తేలినది. అనుమతించబడిన హద్దు అయిదు వందలు మాత్రమే. కావున సదరు స్థలమును ప్రమాదకర స్థలముగా ప్రకటించి, పదిహేను దినములలో మూడడుగుల లోతున మట్టిని, అందు నాటుకొని యున్న వృక్షజాలమును వేళ్ళతో సహా తొలగించవలసినదిగా..."

"వృక్షజాలం అంటే?"

"చెట్టమ్మా."

మాణిక్యాంబ చేతిలో తడి పంచె జారి ప్రమాదకర స్థలంలో పడింది.

అరుగు మీద పేపరు చదువుకుంటున్న నూకరాజు లేచొచ్చాడు. "మా ఇంట్లో స్కూటరు కూడా లేదండీ. అమ్మేసి పదేళ్ళయింది. పెట్రోలు ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"అదే మాకూ అంతుపట్టడం లేదు. మూలం కనిపెట్టాలి" అన్నాడు గోవర్ధనరావు. ఆయన చూపు చెట్టు చుట్టూ మెరుస్తున్న జిడ్డు పట్టీ మీద పడింది. మాణిక్యాంబ దాపరికం ఎరగని మనిషి. వంటింటి గూట్లోంచి డబ్బా తెప్పించి ఆయన చేతిలో పెట్టించింది.

ఆయన వెనకవైపు చిన్నక్షరాలు చదివాడు. "పెట్రోలియం జెల్లీ, తొంభై ఎనిమిది శాతం. ఓహో, ఇదా!"

"అంటే మీ నేల లెక్కలో ఎంతండీ?"

"పది లక్షల పాళ్ళకి తొమ్మిది లక్షల ఎనభై వేలు."

"అయ్య బాబోయ్! మట్టిలో ఆరు వందలుంటేనే బూట్లేసుకొచ్చేరు. మరి ఈ డబ్బా ఇంట్లో ఉండొచ్చా?"

"భలేవారే, ఇది చర్మానికి చాలా మంచిదమ్మా. మా ఆవిడ కూడా ఇదే వాడుతుంది" అంటూ ఆయన తొడుగు తీసి, వేలితో కాస్త తీసుకుని, ఎండకి పగిలిన పెదవులకి రాసుకున్నాడు.

మాణిక్యాంబ ఆ పెదవుల వంకే చూస్తూ అడిగింది. "ముఖానికి మంచిదైంది మట్టికి చెడ్డదెలా అయిందండీ?"

"ముఖం మా పరిధిలోకి రాదమ్మా. మాది నేల."

"మరి ముఖం ఎవరిది?"

"మేడ మీద వాళ్ళది."

మర్నాడు పదింటికల్లా మాణిక్యాంబ ఆ మేడ ఎక్కింది. కింద నేల పరిశుద్ధి కార్యాలయం, పైన సౌందర్య సాధనాల నియంత్రణ కార్యాలయం. రెండింటికీ కలిపి ఒకటే ప్రయోగశాల, మెట్ల కింద ఉంది. అందులో ఒకే మిషను, ఒకే మనిషి. పైనుంచి వచ్చిన డబ్బాల మీద ‘ఉత్తమం’ అనీ, కిందనుంచి వచ్చిన పొట్లాల మీద ‘ఘోరం’ అనీ ముద్ర వేస్తూ ఆయన తలెత్తకుండా పని చేసుకుంటున్నాడు.

మేడ మీద అధికారిణి హైమావతి. ఆవిడ ముఖం ట్యూబులైటు కింద పళ్ళెంలా మెరిసిపోతోంది. మాణిక్యాంబ చెప్పిందంతా ఓపిగ్గా విని, "చూడండీ, పదార్థం ఏమిటన్నది కాదు, దాన్ని ఎక్కడ పూస్తామన్నది ముఖ్యం. శరీర బాహ్యభాగానికి పూసుకొనుటకు, రుద్దుకొనుటకు, చల్లుకొనుటకు ఉద్దేశించిన ఏ పదార్థమైనా సౌందర్య సాధనమే. అందులో పెట్రోలియం జెల్లీ ఎంతుండాలన్న హద్దు మా దగ్గర లేదు" అంది.

"ఏ పదార్థమైనానా అండీ?"

"ఏ పదార్థమైనా."

"మట్టి అయినా?"

"ముల్తానీ మట్టి ముఖానికి పట్టించుకోవడం లేదూ?"

"ముల్తానీ మట్టి సౌందర్య సాధనం అయినప్పుడు కోటిపేట మట్టి కాకూడదా అండీ?"

హైమావతి పెన్ను మూత బిగించింది. "ఎందుకు కాకూడదు? ముఖానికి పూసుకోవాలన్న ఉద్దేశం మాత్రం ఉండాలి."

"ఉద్దేశం ఉందండీ" అంది మాణిక్యాంబ. ఆవిడకి ఆ ఉద్దేశం పుట్టి అప్పటికి అర నిమిషం.

దరఖాస్తు పద్నాలుగు పేజీలుంది. ఆ సాయంత్రం అరుగు మీద నూకరాజు చదివాడు, మాణిక్యాంబ చెప్పింది, పక్కింటి బుల్లెమ్మ గోడ మీద గడ్డం ఆనించుకుని విన్నది.

"సరుకు పేరు?"

"పెరటి మట్టి."

"నికర బరువు?"

నూకరాజే లెక్క కట్టాడు. ఇరవై అడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడవు, మూడడుగుల లోతు. తొంభై టన్నులు తేలింది.

"తయారీదారు పేరు... కె. మాణిక్యాంబ అని రాస్తున్నాను."

"అమ్మో వదినా! మట్టిని చేసింది నువ్వేనా? ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అంది బుల్లెమ్మ.

"తయారీ తేదీ ఏం వెయ్యమంటావ్?"

నూకరాజు ‘సృష్ట్యాది’ అని రాశాడు. మర్నాడు హైమావతి దాన్ని కొట్టేసింది. అంత పాత సరుకైతే గడువెప్పుడో తీరిపోయినట్టే. చివరికి దరఖాస్తు ఇచ్చిన రోజే మట్టి తయారైనట్టు రాసుకున్నారు. మూత గట్టిగా బిగించి ఉంచాలన్న నిబంధన కొంచెం ఇబ్బంది పెట్టింది. పెరటి గేటు వేసి ఉంచినచో మూత ఉన్నట్టే భావించవచ్చునని హైమావతి తన విచక్షణాధికారం ఉపయోగించి రాసింది. చెట్టుని ఏ గడిలో వెయ్యాలో తెలియక, ‘వృక్ష సంబంధ అంశములు: ఒకటి’ అని వేశారు. బరువుని బట్టి లేబులుండాలి కాబట్టి తొంభై టన్నులకి ఎనిమిదడుగుల రేకు బోర్డు పట్టింది. దాని మీద ‘బాహ్య ఉపయోగమునకు మాత్రమే. కళ్ళలో పడనీయరాదు’ అని రాయించి పెరటి గోడకి బిగించారు.

పదిహేనో రోజున గోవర్ధనరావు మట్టి తవ్వే యంత్రంతో సహా వచ్చాడు. యంత్రం కోర చాచి గోడ దాకా వచ్చి ఆగింది. ఆయన బోర్డు పైనుంచి కిందికి, కిందనుంచి పైకి చదివాడు.

"ఇది సౌందర్య సాధనమా?"

"ఆయ్. నిన్నటి నుంచీనండి" అంది మాణిక్యాంబ, కాయితం చూపిస్తూ.

"మొన్నటిదాకా ఇందులో విషం ఉందమ్మా!"

"ఇప్పుడూ ఉందండి. ఇక్కడ రాయించేను చూడండి, ‘సహజ పెట్రోలియం గుణములు కలది’ అని."

ఆయన బూటు కాలు గుమ్మం లోపల పెట్టబోయి, ఇది తన శాఖ భూభాగం కాదని గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాడు. టేపు విప్పించి చుట్ట చుట్టించాడు. యంత్రం వచ్చిన దారినే పోయింది. మాణిక్యాంబ చెట్టు మొదలుకి ఆనుకుని నిలబడి చాలాసేపు ఏడ్చింది, తరవాత ముక్కు చీదుకుని పప్పుచారు పెట్టింది.

కష్టం వారం తిరక్కుండా వచ్చింది, అదీ కాయితం రూపంలోనే. ఎవరూ వాడని సౌందర్య సాధనం సౌందర్య సాధనం కానేరదనీ, నెల రోజుల్లోగా కనీసం యాభై మంది వాడి సంతృప్తి పత్రాలు ఇవ్వాలనీ, ఇవ్వకపోతే అనుమతి రద్దయి మట్టి తిరిగి మట్టి అయిపోతుందనీ మేడ మీంచి ఉత్తరం. మట్టి మట్టి అయిన మరుక్షణం యంత్రం మళ్ళీ వస్తుంది.

"ఏం చేస్తాం బుల్లెమ్మా, ఒక్కసారి ముఖానికి పట్టించుకుని సంతకం పెట్టమ్మా" అని బతిమాలింది మాణిక్యాంబ.

బుల్లెమ్మ స్నేహధర్మం కొద్దీ గుప్పెడు మట్టి తడిపి పట్టించుకుని, వంటపనిలో పడి మరిచిపోయింది. అది ఎండి పిడకలా బిగుసుకుంది. వదిలించుకోవడానికి అరగంట సేపు పీచుతో తోముకోవాల్సి వచ్చింది. అరగంట తోమితే ఇత్తడి చెంబైనా మెరుస్తుంది. సాయంత్రం కూరల బజారుకి వెళ్తే ముగ్గురు ఆపి, "ఏం రాస్తున్నావే?" అని అడిగారు.

"మా వదినోళ్ళ మట్టి. గవర్నమెంటోళ్ళు ముట్టుకోవద్దని నోటీసిచ్చేరు చూడు, అదే!" అంది బుల్లెమ్మ.

అదే ఊరంతా పాకింది. ఊరికే ఇస్తారా నోటీసు? టేపు కట్టి, బూట్లేసుకుని వచ్చి మరీ ముట్టుకోవద్దన్నారంటే అందులో ఎంత గుణం ఉండాలి? మన ఆడవాళ్ళకి దక్కకుండా యంత్రం పెట్టి ఎక్కడికి పట్టుకుపోదామనుకున్నారో!

మర్నాటికి యాభై సంతకాలు అయిపోయాయి. మూడో నాటికి సంతకాలు పెట్టడానికి కాయితాలు చాల్లేదు. గిన్నెలు, క్యారేజీలు, బకెట్లు పట్టుకుని ఆడవాళ్ళు కాలవగట్టు దాకా వరస కట్టారు. ఒకావిడ కూతురికీ, కోడలికీ, కోడలి చెల్లెలికీ కలిపి సిమెంటు గోనె తెచ్చింది. పెరడంతా మట్టే అయినా అందరికీ చెట్టు మొదట్లోదే కావాలి. అసలు గుణం అక్కడే ఉందని తెలిసిపోయింది.

"అక్కడ తవ్వకండమ్మా, వేళ్ళు తగుల్తాయి! ఈ మూల తీసుకోండి, ఇది కూడా అదే మట్టి!" అని మాణిక్యాంబ గొంతు పోయేలా అరిచింది.

"అదే అయితే నువ్వు ఆ మూలది వాడుకో పిన్నీ, మాకు ఇది ఇయ్యి" అంది గోనె ఆవిడ.

గేటుకి తాళం వేద్దామంటే హైమావతి ఒప్పుకోలేదు. ప్రజాదరణ పొందిన ఉత్పత్తిని తొక్కిపెట్టడం నేరమట. పది రోజులు తిరిగేసరికి చెట్టు చుట్టూ నడుం లోతు గొయ్యి పడింది. వేళ్ళు ముసలి చేతివేళ్ళలా బయటికొచ్చి గాల్లో వేలాడుతున్నాయి. చెట్టు మూడు వంతులు కాలవవైపు ఒరిగింది. నూకరాజు దిగులుగా చుట్టూ తిరిగి చూశాడు.

"స్తంభం ఎత్తులో ఆరో వంతు భూమిలో ఉండాలి మాణిక్యం. దీనికి అరవయ్యో వంతు కూడా లేదు. తొలకరి గాలి ఒకటి కొట్టిందంటే పడుకుంటుంది" అని, పాత అలవాటు కొద్దీ గోడకి మేకు కొట్టి, స్తంభాలు ఒరక్కుండా కట్టే స్టే వైరు చెట్టుకి లాగాడు.

పైన కూడా మబ్బులు పడుతున్నాయి. మాణిక్యాంబ గబగబా కింది ఆఫీసుకి పరిగెత్తింది.

"బాబ్బాబు, మా పెరట్లో మళ్ళీ టేపు కట్టండి. పుర్రె బొమ్మ కూడా పెట్టండి. ఒక్కళ్ళు రాకూడదు!"

గోవర్ధనరావు చిరునవ్వుతో లేచి నిలబడ్డాడు. "మా గూఢచారి విభాగం నిన్ననే మీ గోడవతల నిలబడి, గరిట చాచి నమూనా తీసిందమ్మా. నూట నలభై పాళ్ళే ఉంది. అభినందనలు. మీ నేల పరిశుద్ధం!"

"అదెలాగండీ?"

"జిడ్డున్న మట్టంతా జనం పట్టుకుపోయారు కదా."

"అయితే ఆ జిడ్డు ఇప్పుడు వాళ్ళ ఇళ్ళల్లో ఉన్నట్టేగా?"

"ఉంది. నాలుగు వందల ఇళ్ళల్లో తలా కాసిని. ఏ ఇంట్లోనూ అయిదు వందలు దాటదు. పంచుకున్న కాలుష్యం కాలుష్యం కాదమ్మా. దీన్ని మేం ‘ప్రజా భాగస్వామ్య పరిశుద్ధి’ అంటున్నాం. మన కోటిపేటని ఆదర్శంగా తీసుకోమని పైకి రాశాను" అంటూ ఆయన బంగారు అంచున్న పత్రం ఒకటి తీసి ఇచ్చాడు. సదరు పెరడు అయిదేళ్ళ పాటు నిర్మలమైనదని అందులో ఉంది.

మాణిక్యాంబ ఆ పత్రం చంకలో పెట్టుకుని, దార్లోనే కాలవ పని చేస్తున్న ట్రాక్టరతన్ని పట్టుకుని ఒక లోడు ఒండ్రుమట్టి వేయమని మాట్లాడుకుంది. ట్రాక్టరు గేటు దగ్గరికి వచ్చేసరికి అక్కడ హైమావతి నిలబడి ఉంది, తనిఖీకి వచ్చి.

"ఇదేమిటి?"

"మట్టండీ. గొయ్యి పూడ్చాలి. చెట్టు పడిపోతోందండీ."

"అనుమతి పొందిన సౌందర్య సాధనంలో బయటి మట్టి కలుపుతారా? దాన్నేమంటారో తెలుసా? కల్తీ! రెండేళ్ళ శిక్ష!"

"మట్టిలో మట్టి కలిపితే కల్తీయా అండీ?"

"కాలవ మట్టికి లేబులుందా? ఎవరు తయారుచేశారో తెలుసా? రేపు ఎవరి ముఖమైనా పొక్కితే ఎవరిది పూచీ?"

ట్రాక్టరతను వీళ్ళ మాటలు కాసేపు విని, తల గోక్కుని, ట్రాక్టరు వెనక్కి తిప్పుకున్నాడు.

మాణిక్యాంబ అరుగు మీద చతికిలబడింది. గాలి మొదలైంది. స్టే వైరు వీణ తీగలా జుమ్మంటోంది. హైమావతికి లోపల కొంచెం జాలేసినట్టుంది, బ్యాగులోంచి నిబంధనల పుస్తకం తీసి, తనే పేజీలు తిప్పి చూసింది.

"మీ సరుకే మీరు కలుపుకోవచ్చు. అది కల్తీ కాదు. జనం పట్టుకెళ్ళింది తిరిగొస్తే సరి. ఇదిగో, ఇక్కడుంది. సంతృప్తి చెందని వినియోగదారు మిగిలిన సరుకును ముప్పై రోజుల్లోగా తయారీదారుకు తిరిగి ఇవ్వవచ్చును. తయారీదారు నిరాకరించరాదు."

"సంతృప్తి చెందకపోతేనేనా అండీ?"

"చెందకపోతేనే. కానీ మీకేం భయం? నాలుగు వందల పద్దెనిమిది సంతృప్తి పత్రాలున్నాయి. ఒక్క ఫిర్యాదు లేదు. రాష్ట్రంలోనే రికార్డు!" అని మెచ్చుకుని ఆవిడ వెళ్ళిపోయింది.

మాణిక్యాంబ లేచి, ముఖం కడుక్కుని, బొట్టు పెట్టుకుని, పంచదార అరువడిగే మిషతో గ్లాసు పట్టుకుని బుల్లెమ్మ ఇంటికి వెళ్ళింది. బుల్లెమ్మ అద్దం ముందు కూర్చుని జడేసుకుంటోంది.

"ఏంటే బుల్లెమ్మా, ముఖం అలా వాడిపోయింది? ఒంట్లో బాగాలేదా?" అంది మాణిక్యాంబ.

అంతే. పంచదార పోయించుకుని వచ్చేసింది.

ఆ మాట బుల్లెమ్మ ఇంట్లో అయిదు నిమిషాలు ఆగింది. అద్దం ముందునుంచి లేచేసరికి బుల్లెమ్మకి కళ్ళ కింద నలుపు కనిపించింది. అయిదు నిమిషాల తరవాత గోనె ఆవిడ ఇంట్లో కూతురి బుగ్గ మీద మచ్చ, ఆవిడ ద్వారా రామాలయం వీధిలో ఇద్దరికి దురద, అక్కణ్ణుంచి బస్టాండు వెనక ఒకావిడకి తల వెంట్రుకలు రాలడం. మూడో జాము గడిచేసరికి కోటిపేట ఆడవాళ్ళలో అద్దం చూసుకుని తృప్తిపడ్డవాళ్ళు ఒక్కళ్ళు మిగల్లేదు.

"ఏం మట్టమ్మా తల్లీ, ముఖం మండిపోతోంది! నీ మట్టి నువ్వే ఉంచుకో!" అంటూ ముందుగా గోనె ఆవిడే వచ్చింది, గోనె కోడలి నెత్తిన పెట్టి.

"అయ్యో, అలాగే అమ్మా. అక్కడ పోసెయ్యండి, ఆ చెట్టు దగ్గర. ఇంకా దగ్గరగా. వేళ్ళ మీద పడాలి" అంది మాణిక్యాంబ.

వెనకాల బకెట్లు, క్యారేజీలు, గిన్నెలు. కొందరు వాడినదాన్ని కూడా ముఖాల మీంచి గీకి తెచ్చారు. పట్టుకెళ్ళినదానికంటే తక్కువ తిరిగిస్తే పేచీ వస్తుందని భయపడి కొందరు తమ పూలకుండీల్లో మట్టి కూడా కలిపి తెచ్చారు. అది కల్తీయో కాదో అడగాలని మాణిక్యాంబకి తోచింది గానీ, హైమావతి ఆఫీసు మూసే వేళ దాటిపోయింది. నూకరాజు పంచె ఎగ్గట్టి గొయ్యిలోకి దిగి, స్తంభాలు పాతినన్నాళ్ళూ చేసినట్టే వేళ్ళ చుట్టూ పొరపొరకీ మట్టిని దిమ్మిసతో బాదాడు.

ఇక్కడ మాణిక్యాంబకి ఇంకో చిక్కు వచ్చిపడింది. తిట్టడానికే వచ్చినా వాళ్ళు ఇరుగుపొరుగు వాళ్ళే. వచ్చిన గిన్నెని ఖాళీగా ఎలా పంపుతుంది? కోటిపేటలో ఏ ఇల్లాలూ అలాంటి పని చెయ్యదు. దోటీ తీసుకుని కాయలు దించింది. గిన్నెకి రెండేసి, బకెట్టుకి నాలుగేసి, గోనెకి డజను. తిట్టుకుంటూ వచ్చినవాళ్ళు ములక్కాడలు చంకన పెట్టుకుని, "రేపు పులుసు పెడతాలే వదినా" అంటూ వెళ్ళారు. పొద్దు వాలేసరికి గొయ్యి పూడింది. పూడ్డమేమిటి, మొదట్లో మూరెడు గట్టు లేచింది. చెట్టు మాత్రం కాయలన్నీ పోయి, నగలు తీసిన పెళ్ళికూతురిలా నిలబడింది.

ఫిర్యాదులు నాలుగు వందల పద్దెనిమిది అందాయని హైమావతి అనుమతి రద్దు చేసి, మనిషిని పంపి బోర్డు దింపించింది. పెరడు మళ్ళీ నేల అయింది. అది నిర్మలమైనదని బంగారు అంచు పత్రం ఎలాగూ ఇంట్లో ఉంది.

అందరికంటే ఆఖర్న గోవర్ధనరావు వచ్చాడు. ఒంటరిగా, మామూలు చెప్పులతో, చేతిలో స్టీలు డబ్బాతో.

"మా ఆవిడ పంపించిందమ్మా. కళ్ళ కింద చారలు పడ్డాయట. వెనక్కి ఇచ్చెయ్యమంది" అన్నాడు తల దించుకుని.

"పొయ్యండి బాబూ, అక్కడ."

ఆయన పోశాడు. మాణిక్యాంబ డబ్బా అందుకుని చెట్టు వైపు చూసింది. ఒక్క కాయ లేదు. దోటీతో చిటారుకొమ్మ వంచి, లేత మునగాకు దూసి, డబ్బా నిండా కుక్కి మూతపెట్టి ఇచ్చింది.

గోవర్ధనరావు డబ్బా వంకా చెట్టు వంకా మార్చి మార్చి చూశాడు. "ఏమనుకోకండమ్మా, ఇది... తినేదా, రాసుకునేదా?"

"పప్పులో వెయ్యమనండి. రాసుకుంటే మాత్రం మళ్ళీ మీరే తిరగాలి."

ఆయన డబ్బాని రెండు చేతుల్తో పట్టుకుని, ఎవరూ చూడకుండా కాలవ పక్కనుంచి వెళ్ళిపోయాడు.

మాణిక్యాంబ గేటు మూసి చెట్టు కిందికి వచ్చింది. ఏ మట్టి ఎవరి బుగ్గ మీద ఉండి వచ్చిందో, ఎవరి పూలకుండీలోంచి వచ్చిందో తెలియదు. అంతా కలిసిపోయి మామూలు మట్టిలాగే ఉంది. ఉత్త కాళ్ళతో చుట్టూ తిరిగి అదిమి, బిందెడు నీళ్ళు పోసింది. అవి ఇంకేదాకా అక్కడే నిలబడింది.